అడ్డుచెక్క

రెండో వరద పాత వంతెనను ఎత్తుకుపోయిన ఏడు అది.

మేస్త్రి అప్పటికే బండి కింద దూరి ఉన్నాడు. వెల్లకిలా పడుకుని, వేలి కొసన గోరంత గ్రీజు తీసి వెనక ఇరుసు బేరింగులోకి నొక్కుతున్నాడు. నొక్కి, చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. గ్రీజు తక్కువైతే బేరింగు మూలుగుతుంది. ఎక్కువైతే దుమ్ము మేసి బరువెక్కుతుంది. చక్రం నిద్రలో ఊపిరి తీసినట్టు తిరిగింది. ఇంక చాలు.

"ఒరేయ్, బయటికి రా," అంది అక్క, షెడ్డు గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడి. "ఆ ఇరుసుకి పెట్టే గ్రీజులో పిసరంత నీ గొంతుకి పెట్టుకుంటే రెండు మాటలైనా జారేవి కదరా."

మేస్త్రి పక్కకి దొర్లి లేచాడు. పొట్టి మనిషి. వెల్డింగు నిప్పురవ్వలు పడీ పడీ ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. కుడి కనుబొమ్మ సగమే ఉంది. చొక్కా ముందు భాగం జల్లెడలా చిల్లులు పడి ఉంది. అవునంటే తలూపుతాడు, కాదంటే తన పని తను చూసుకుంటాడు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఎవరిదో ఒక బండి విరిగి వచ్చేదనీ, వాడు దాని కిందికి దూరిపోయేవాడనీ అక్క అందరికీ చెబుతుంది. అలా దూరుతూనే జుట్టు నెరిసిపోయింది.

"ఇవాళైనా వంతెన ఎక్కుతుందా?" అని అడిగింది అక్క.

మేస్త్రి టీ తాగాడు. అక్క అతని మొహంలోకి కాసేపు చూసి, ఖాళీ గ్లాసు లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

ముందు షెడ్డు, దాని వెనక రెండు గదులు, మధ్యలో నీళ్ల డ్రమ్ము. ఒక గదిలో అక్కా బావా, ఇంకో గదిలో మేస్త్రి. అక్క పెళ్లయి వచ్చిన మరుసటేడు తమ్ముణ్ణి కూడా తెచ్చుకుంది. బావ మూడు చక్రాల తొక్కుడు బండి మీద ఐసు వేసేవాడు. ఏటికి ఇవతల ఐసు ఫ్యాక్టరీ, అవతల చేపల బజారు. పాత వంతెన మీదికి ఎక్కాలంటే ఒక గట్టు ఉండేది. చిన్నదే గానీ, ఐసు దిమ్మల బరువుతో అది కొండే. బావ ముందు తొక్కేవాడు, బామ్మరిది వెనక తోసేవాడు. ఊపిరి అందకపోతే బావ "చెక్కా!" అని అరిచేవాడు. బామ్మరిది మెడలో తాడుకి వేలాడే అడ్డుచెక్కను చటుక్కున తీసి వెనక చక్రం కింద పెట్టేవాడు. బండి వెనక్కి జారకుండా ఆగేది.

ఆ చెక్క మేస్త్రి స్వయంగా కోసుకున్నదే. మూడు మూలల గట్టి చెక్క. చక్రం ఆనే వైపు అరిగి అరిగి పళ్లెంలా గుంట పడింది. తర్వాత వెల్డింగు నేర్చుకున్నాడు, షెడ్డు పెట్టుకున్నాడు, బండ్లు కట్టే మేస్త్రి అయ్యాడు. అయినా పొద్దున్నే బావ బండి వెనక నడవడం మాత్రం మానలేదు. బండి గట్టు దాటాకే వెనక్కి వచ్చి షెడ్డు తలుపు తీసేవాడు.

వరద గట్టునీ వంతెననీ కలిపి తీసుకుపోయింది. మిగిలింది లారీలు తిరిగే పెద్ద వంతెన ఒక్కటే. దాని ఎత్తు పొడుగాటిది, చూస్తేనే తొడలు పీకుతాయి. అందులోనూ ఒక పక్క మరమ్మతు. ఒకే వరసలో వదులుతున్నారు. కింద జెండా పట్టుకుని ఒక మనిషి. అతను చెప్పే రూలు చిన్నదే. తోసేవాళ్లు వంతెన ఎక్కకూడదు. ఎక్కిన బండి మధ్యలో ఆగకూడదు. ఆగితే వెనక లారీలన్నీ ఆగిపోతాయి.

అప్పట్నుంచీ బజారు ఐసు వ్యాను వేస్తోంది. బావకి ఇవతలి హోటళ్లు మిగిలాయి. ఐసు ఫ్యాక్టరీ ఇన్‌చార్జి మంచివాడే. "నీ బండి ఆగకుండా దాటిన రోజు బజారు మళ్లీ నీదే," అన్నాడు. అని ఊరుకోలేదు, ఒక గడువు పెట్టాడు. ఆ గడువు ఇవాళ సాయంత్రం లోడుతో సరి. ఆ తర్వాత బజారుని వ్యానుకే ఖాయం చేసేస్తాడు.

అందుకని మేస్త్రి బండికి మోటారు పెట్టాడు.

ఈ బండ్లన్నిటికీ తొక్కితే తిరిగేది ఎడమ వెనక చక్రం ఒక్కటే. కుడి చక్రం ఊరికే వెంట వస్తుంది. మేస్త్రి మోటారుని ఆ కుడి చక్రానికి బిగించాడు. ఒక చక్రం మనిషిది, ఒక చక్రం మోటారుది. ఇద్దరూ కలిసి లాగితే బండి నిటారుగా పోతుంది. బ్యాటరీని వెనక పెడితే ఎత్తులో ముందు చక్రం పైకి లేస్తుందని, దాన్ని సీటు కింద ముందుకి జరిపాడు. అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

చిక్కు వచ్చింది హ్యాండిల్ దగ్గర. మోటారుని చేత్తో తిప్పాలంటే యాక్సిలేటరు ఎంత తిప్పామో చేతికి తెలియాలి. బావ కుడిచెయ్యి ఇన్నేళ్లు ఐసు మోసి మొద్దుబారిపోయింది. నిప్పంటుకున్నా వాసన వస్తేగానీ తనకి తెలియదని బావే నవ్విస్తుంటాడు. మొదటిరోజు పెరట్లో యాక్సిలేటరు కాస్త తిప్పానని అనుకుని పూర్తిగా తిప్పేశాడు. బండి ఎగిరి వెళ్లి నీళ్ల డ్రమ్ముని గుద్దింది. అక్క తడిసి ముద్దయి నిలబడింది.

"స్నానం అయిపోయింది, ఇంక వంట చెయ్యి," అన్నాడు బావ సీటు మీంచి దిగకుండానే. ఆ పూట అతనికి అన్నం దొరకలేదు.

కాబట్టి బండి చేతి మాట కాదు, కాలి మాట వినాలి. పక్క వీధిలో మోటార్లకి తీగ చుట్టే ఆమె ఉంది. అందరూ చుట్లమ్మ అంటారు. పెడల్ దగ్గర అయస్కాంతాల బిళ్ల ఒకటి పెట్టింది. పెడల్ తిరుగుతుంటే మోటారు తిరుగుతుంది, ఆగితే ఆగుతుంది. మేస్త్రి ఇసుక బస్తాలు వేసుకుని వీధిలో తొక్కి చూశాడు. వెన్నలా పోయింది. ఏనుగెక్కినంత సంబరంగా ఐసు వేసుకుని పెద్ద వంతెన ఎక్కించారు. కొంతదూరం వెళ్లిందో లేదో బండి వెక్కి, ఊగి, నిలబడిపోయింది. వెనక లారీల హారన్లు. జెండా మనిషి పరుగెత్తుకొచ్చి, నలుగుర్ని పిలిచి బండిని కిందికి దింపించాడు.

"ఇంకొక్కసారి ఆగిందంటే ఈ బండిని మళ్లీ వంతెన ఎక్కనివ్వను. నన్ను తిట్టుకోవద్దు పెద్దాయనా," అన్నాడు.

బ్యాటరీ అన్నారు, వైరన్నారు, బరువన్నారు. మేస్త్రి అన్నీ విప్పాడు, అన్నీ బిగించాడు. ఏ తప్పూ కనపడలేదు. షెడ్డులో తను తొక్కితే పోతుంది. వంతెన మీద బావ తొక్కితే ఆగింది. అదే అతనికి మింగుడుపడటంలేదు.

"పదరా, హోటళ్లవాళ్లు నా మీద పాట కట్టేస్తారు," అంటూ బావ వచ్చాడు. పొడుగాటి మనిషి, వంగిన భుజాలు, బొంగురు గొంతు. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, భుజాన గోనెసంచి.

మోటారు ఆపేసి, ఉత్త తొక్కుడు మీదే ఐసు ఎత్తుకుని బయల్దేరారు. ఫ్యాక్టరీ గేటు దాటగానే రోడ్డు చిన్న మెరక తేలుతుంది. మేస్త్రి రెండు చేతులూ గోనె కప్పిన దిమ్మల మీద ఆనించి తోస్తున్నాడు. చల్లదనం అరచేతుల్లోంచి మోచేతులదాకా పాకింది. బావ ముందునుంచి ఏదో చెబుతున్నాడు. ఇన్‌చార్జి కొత్త కళ్లజోడు గురించి.

మేస్త్రి వినడంలేదు. తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

చేతులు తోస్తున్నాయి, ఆగుతున్నాయి. తోస్తున్నాయి, ఆగుతున్నాయి. ఎడతెగకుండా తోయడంలేదు. తను ఎడతెరిపి లేకుండా ఒకేలా తోస్తానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ చేతులకి ఒక తూగు ఉంది. అది ఎప్పుడు పట్టుబడిందో అతనికి గుర్తులేదు.

ఈసారి చేతులు తోయబోయే వేళకి మేస్త్రి వాటిని ఆపేశాడు.

బండి గొంతు పట్టేసినట్టు ఆగబోయింది. బావ ఒళ్లంతా కుడివైపుకి వాలింది.

"ఏంట్రా, నడుస్తూ నిద్రపోయావా?"

మేస్త్రి చటుక్కున తోశాడు. తోస్తూ తల వంచి, బండి పక్కనుంచి ముందుకి చూశాడు. బావ కుడికాలు పెడల్‌ని నేలలోకి తొక్కుతున్నట్టు దిగుతోంది. ఎడమకాలు పెడల్ మీద ఉంది, అంతే. టికెట్టు కొనని ప్రయాణికుడిలా పైకీ కిందికీ ఊరికే తిరుగుతోంది.

మెరక దాటాక మేస్త్రి బండి హ్యాండిల్ పట్టుకుని ఆపాడు.

"బావా, ఎడమకాలు ఎప్పట్నుంచి?"

బావ గోనెసంచితో మెడ తుడుచుకున్నాడు. హోటలు బోర్డు వైపు చూశాడు.

"మొదటి వరదప్పట్నుంచి. మోకాల్లో ఏదో తెగింది," అన్నాడు చివరికి.

"చెప్పలేదే."

"చెప్పడానికేముందిరా? నువ్వు తోస్తున్నావుగా."

మొదటి వరదకీ రెండో వరదకీ మధ్య ఎన్ని తెల్లవారుజాములు! ఆ కాలు ఆగిన చోటల్లా తన చేతులు ఆ ఖాళీని పూరిస్తూ వచ్చాయి. చేతులకి తెలుసు, తనకి తెలియదు. బండిని ముక్కముక్కలుగా విప్పి చూశాడు గానీ, బండి తొక్కేవాడి కాలు చూడలేదు. రెండు కాళ్లున్న తను తొక్కి సరిచూసిన బండిని ఒంటికాలి మనిషికి ఇచ్చి వంతెన ఎక్కించాడు. ఎత్తులో ఎడమ వంతు రాగానే పెడల్ ఆగిపోతుంది. పెడల్ ఆగిందని మోటారూ ఆగిపోతుంది. సరిగ్గా సాయం కావాల్సినప్పుడే చెయ్యి తీసేసే బండిని కట్టాడు తను.

"మీ అక్కకి చెప్పకు. డ్రమ్ము సంగతే ఇంకా మర్చిపోలేదు," అన్నాడు బావ.

మేస్త్రి తలూపాడు. హోటళ్ల ఐసు దింపారు. బండిని షెడ్డులోకి తోసుకొచ్చి, అయస్కాంతాల బిళ్లను ఊడదీసి బల్ల మీద పడేశాడు. సరిగ్గా అప్పుడే పక్క వీధిలోంచి చుట్లమ్మ వచ్చింది. చీర చెంగు బొడ్లో దోపుకుని ఉంది. రాగి తీగ ముక్కలు జుట్టులో మెరుస్తున్నాయి.

"నా బిళ్ల ఏం పాపం చేసిందయ్యా మేస్త్రీ?"

"ఇది తిరగడం చూస్తుంది. నాకు తొక్కడం చూసేది కావాలి."

ఆమె నోరు తెరిచి అతనికేసి చూసింది. "ఒక్కసారే ఇన్ని మాటలా! ఒంట్లో బాగానే ఉందా?"

మేస్త్రి అప్పటికే వంగి చైను పట్టుకున్నాడు. పెడల్‌ని చేత్తో నొక్కి చూపించాడు. పెడల్ కదిలీ కదలకముందే పైవైపు చైను బిగిసి తీగలా నిలబడింది. వదిలితే ఉయ్యాలలా వేలాడింది. చక్రం తిరగనక్కర్లేదు. మనిషి బలం పెట్టాడా లేదా అన్నది చైనుకి ముందే తెలుస్తుంది. చుట్లమ్మకి అర్థమైంది. తలకాయ ఆడిస్తూ కూలబడింది.

పాత సైకిలు గేరులోంచి చిన్న పళ్ల రోలరు ఒకటి తీశాడు మేస్త్రి. దాన్ని ఒక ఇనపపట్టీ చివర బిగించి, చైను మీద వాలేటట్టు స్ప్రింగు పెట్టాడు. చైను బిగిస్తే రోలరు పైకి లేస్తుంది, వదులైతే దిగుతుంది. ఆ పట్టీకి బ్రేకు వైరు కట్టాడు. వైరు రెండో కొసను యాక్సిలేటరుకి తగిలించాడు. ఎంత గట్టిగా తొక్కితే అంత సాయం. వెల్డింగు కడ్డీ వెలుగులో షెడ్డు గోడలు తెల్లగా ఎగిరెగిరి పడ్డాయి. చుట్లమ్మ చెంగు కళ్లకి అడ్డం పెట్టుకుని, ఆ వెలుగులోనే తన ఇంట్లో ఎలకల గురించి చెప్పుకుపోయింది.

వెనక చక్రాలు గాల్లో ఉండేలా బండిని రాళ్ల మీద ఎత్తి, మేస్త్రి సీటెక్కాడు. ఎడమకాలు కిందికి వదిలేసి, కుడికాలితో ఒక్కటే తొక్కాడు. మోటారు అందుకుంది, వదిలేసింది. అందుకుంది, వదిలేసింది. దగ్గు పట్టిన మనిషిలా బండి ఎగిరి పడుతోంది.

"ఇలా అయితే బజారు చేరేసరికి ఐసంతా పొడి అయిపోతుంది," అంది చుట్లమ్మ.

ఆమె అన్నది నిజమే. కుడికాలు నొక్కినప్పుడు సాయం వస్తోంది. ఎడమకాలి వంతు రాగానే పోతోంది. చిక్కు మళ్లీ మొదటికే వచ్చింది.

మేస్త్రి దిగి బండి వెనక్కి వెళ్లాడు. ఖాళీ బండి మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని, పొద్దున మెరక దగ్గర తోసినట్టు తోశాడు. చుట్లమ్మ ముక్కున వేలేసుకుని చూస్తోంది. చేతులు తొందరగా అందుకుంటున్నాయి. వదలడం మాత్రం తొందరగా వదలడంలేదు. ఒంట్లో బరువంతా మెల్లగా వెనక్కి తీసుకుంటున్నట్టు, బండి ఇంక జారదని నమ్మకం కుదిరాకే వదులుతున్నాయి.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా గోడకి మేకు, మేకుకి గాలి పంపు.

పంపు కాడని పైకి లాగితే సులువుగా వస్తుంది. మూతి మూసేసి నొక్కితే మాత్రం లోపలి గాలి ఎదురు తిరిగి, మెల్లగా దిగుతుంది. మేస్త్రి పంపు విప్పి, ఎండిపోయిన తోలు వాషరుని నూనెలో నానబెట్టాడు. మూతిలో పుల్ల ముక్క దూర్చి, వెంట్రుకవాసి సందు వదిలాడు. పంపుని బండి చట్రానికి కట్టి, కాడని రోలరు పట్టీకి కలిపాడు. చైను బిగిస్తే రోలరు లేచి కాడని చటుక్కున పైకి తీస్తుంది. చైను వదులైనా కాడ వెంటనే పడదు. ఉస్సురని గాలి వదులుతూ, తీరిగ్గా దిగుతుంది. అది దిగేలోగా కుడికాలు మళ్లీ వంతుకొస్తుంది.

మళ్లీ ఎక్కి ఒంటికాలితో తొక్కాడు. మోటారు అందుకుంది. ఎడమ వంతంతా పట్టుకునే ఉంది. మళ్లీ కుడి. గాల్లో తిరుగుతున్న చక్రం ఒకే గొంతుతో పాడింది.

చుట్లమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగింది. "అంతా బాగుందయ్యా. పట్టుకుని వదలని మోటారుకి ఎదురుగా లారీ వస్తే?"

మేస్త్రి ఆమెకేసి చూశాడు. ఆ మాట తనకి తట్టలేదు.

"అది నాకొదిలెయ్. బ్రేకు మీద చెయ్యి పడిందంటే కరెంటు పోవాలి, పంపు ఏమనుకున్నా సరే," అంటూ ఆమె హ్యాండిల్ దగ్గర కూర్చుని, పళ్లతో వైరు తొక్క ఊడదీసింది. బ్రేకు పిడి కింద చిన్న స్విచ్చు ఒకటి పెట్టి, చక్రం పూర్తి వేగంలో ఉండగా పిడి నొక్కి చూపించింది. మోటారు ఠక్కున ఆగిపోయింది. మేస్త్రి ఆ పిడిని మళ్లీ మళ్లీ నొక్కి చూసి, ఆమెకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"చాల్లే, ఆ చేతులతో నా ఇంటి గేటు అతికిపెట్టు. వరదకి ముందు చెప్పాను," అంది ఆమె.

సాయంత్రం ఎండ పచ్చబడే వేళకి ఐసు ఎక్కించారు. దిమ్మల మధ్య రంపపు పొట్టు, పైన గోనెలు. బండి స్ప్రింగులు కిర్రుమని కుంగాయి. వంతెన కిందికి వచ్చేసరికి అక్క, చుట్లమ్మ ముందే వచ్చి నిలబడ్డారు. పక్కనే నీళ్ల డ్రమ్ముల బండి తొక్కే ఆమె కూడా ఆగింది. ఆమెనీ వంతెన ఎక్కనివ్వరు. రోజూ ఆ ఎత్తుకేసి చూసి, తిట్టుకుని, వెనక్కి వెళ్లిపోతుంది.

జెండా మనిషి నేల మీద తెల్లగీత చూపించాడు. "తోసేవాళ్లు ఇక్కడిదాకే."

మేస్త్రి గీత ఇవతల ఆగాడు. మెడలోంచి అడ్డుచెక్క తీసి బావకి అందించాడు.

"నాకెందుకురా? పైన ఇది పెట్టేవాడెవడు?" అన్నాడు బావ. చెక్కను వెనక్కి ఇచ్చేశాడు. మొద్దుబారిన చేత్తో బామ్మరిది చెంప మీద ఒకటి తట్టాడు. ఎంత గట్టిగా తట్టాడో ఆ చేతికి తెలియదు. చుర్రుమంది. "చూస్తుండు. ఇవాళ గానీ ఆగితే, నేను దిగి ఐసు మీద కూర్చుంటాను. జనమైనా నవ్వుకుంటారు."

జెండా లేచింది.

బావ కుడికాలు దిగింది. మోటారు కూనిరాగం తీసింది. బండి గీత దాటి, ఎత్తు అందుకుని, మెల్లగా పైకి పాకడం మొదలెట్టింది. దాని వెనకే ఒక లారీ, లారీ వెనక ఇంకో లారీ, ఆ వెనక బస్సు.

మేస్త్రి కదలకుండా నిలబడ్డాడు. బావ వీపే కనపడుతోంది. చెమటకి చొక్కా వెన్నుకి అతుక్కుపోతోంది. కుడి భుజం దిగుతోంది, లేస్తోంది. అదుగో, పోయినసారి ఆగిన చోటు. వంతెన గోడకి సున్నం రాలిన మచ్చ ఉంది అక్కడ. భుజం లేచింది. ఎడమ వంతు. మేస్త్రి చేతులు వాటంతటవే ముందుకి చాచుకుని, గాలిని తోశాయి.

బండి ఆగలేదు. ముందు చక్రం ఎడమకి కొద్దిగా లాగింది. బావ సర్దుకున్నాడు. భుజం మళ్లీ దిగింది. మచ్చ వెనకబడింది.

"పోతోంది! ఒరేయ్, పోతోందిరా!" అక్క తమ్ముడి జబ్బ పట్టుకుని ఊపేస్తోంది. నీళ్ల డ్రమ్ములామె ఈల వేసింది. జెండా మనిషి తన పని మరిచి, జెండా చంకలో పెట్టుకుని కళ్లప్పగించి చూస్తున్నాడు. చుట్లమ్మ ఎవర్నో పట్టుకుని ఆ బ్రేకు స్విచ్చు ఎవరు పెట్టారో వివరిస్తోంది.

నడుమెత్తు దగ్గర వెనక లారీ డ్రైవరు హారను కొట్టాడు. తొందరపెట్టే హారను కాదు. పెళ్లి ఊరేగింపులో బూర ఊదినట్టు, వరసగా, కులాసాగా. వెనక లారీ అందుకుంది. బస్సు అందుకుంది. ఆ మోత మీద తేలిపోతున్నట్టు బండి పైకంటా ఎక్కి, ఒక్క క్షణం ఆకాశానికి ఆనుకుని నల్లగా కనపడింది. మనిషి, మూడు చక్రాలు, పొగలు కక్కుతున్న ఐసు. బావ వెనక్కి తిరిగి చూడలేదు. గంట మాత్రం గణగణమని కొట్టాడు.

తర్వాత అక్కడ ఆకాశం ఒక్కటే ఉంది.

అవతల దిగుడు కనపడదు. అయినా మేస్త్రి చాలాసేపు అటే చూశాడు. అతని మొహం మీద నవ్వు ఎప్పుడు పుట్టిందో గానీ, చెవులదాకా పాకి అక్కడే ఉండిపోయింది.

"బండి దాటేసిందిగా, ఇంకా ఆ చెక్క పట్టుకుని నిలబడ్డావేంటి మేస్త్రీ?" అన్నాడు జెండా మనిషి.

మేస్త్రి కిందికి చూసుకున్నాడు. చెక్క గుండెలకి ఆనించుకుని ఉన్నాడు.

బావ దీపాలు పెట్టే వేళకి ఖాళీ బండితో తిరిగొచ్చాడు. వస్తూనే పెరడంతా తానై నిండిపోయాడు. బజారులో బుట్టలవాళ్లు ఎలా లేచి నిలబడ్డారో, వ్యాను డ్రైవరే వచ్చి దిమ్మలు ఎలా దింపిపెట్టాడో, పంపు ఉస్సుమంటుంటే ఒక కుక్క ఎలా వెంటపడిందో, ఒకటే చెప్పడం. అక్క వడ్డిస్తూనే నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మేస్త్రి తిన్నాడు, విన్నాడు. మధ్యలో లేచి వెళ్లి చేత్తో తడిమి చూశాడు, మోటారు వేడెక్కలేదు.

పడుకోబోతూ బావ అతని గది గుమ్మం దగ్గర ఆగాడు.

"తెల్లవారుజాము లోడు కూడా నాకే ఇచ్చార్రా. ఇంక నిన్ను లేపను. హాయిగా పడుకో."

మేస్త్రి తలూపాడు. బావ వెళ్లబోయి, మళ్లీ తిరిగాడు. ఇంకేదో అనబోయాడు. గుమ్మాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు.

అలవాటైన ఒళ్లు కదా, తెల్లారేసరికి మేస్త్రికి మెలకువ వచ్చేసింది. చెక్కను మెడలో వేసుకుని గుమ్మం దాటేసరికి పెరడు ఖాళీగా ఉంది. బండి నిలబడే చోట మూడు చక్రాల గుర్తులు, వాటి మధ్య ఒక గ్రీజు చుక్క. వాకిట్లోంచి వీధిలోకి సన్నగా చక్రాల జాడలు వెళ్లిపోయాయి. దూరంగా, ఏటి వైపునుంచి, గంట ఒకసారి వినపడి ఆగింది. అతను ఆ జాడల చివరిదాకా చూసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడ్డాడు.

వెళ్లి షెడ్డు తలుపు తీశాడు. ఇన్నేళ్లలో బయటి బండ్ల కోసం అంత పొద్దున్నే ఎప్పుడూ తీయలేదు.

తలుపు ముందు నీళ్ల డ్రమ్ములామె తన బండి మీద కూర్చుని ఉంది. ఆమె వెనక కూరగాయల బండి ఒకటి. ఆ వెనక పరుపులు వేసేవాడిది. వీధి మలుపుదాకా ఇంకా ఉన్నాయి.

"అన్నా, నాది కూడా అలా మాట వింటుందా?" అంది ఆమె.

మేస్త్రి ఆమె బండికేసి చూడలేదు. ఆమె కాళ్లకేసి చూశాడు. నడుముకేసి, హ్యాండిల్ మీద చేతులకేసి చూశాడు.

"తొక్కు," అన్నాడు. "నేను వెనక తోస్తాను. నీకు ఎక్కడ ఆగుతుందో ముందు నా చేతులకి తెలియాలి."

ఆమె పెడల్ మీద కాలేసింది. మేస్త్రి రెండు చేతులూ బండికి ఆనించబోయాడు. మెడలో చెక్క ఊగి అడ్డం వచ్చింది. తాడు తల మీంచి తీసి, చెక్కను షెడ్డు గడప మీద పెట్టి, బండి వెంట వీధిలోకి నడిచాడు. వెనక ఎండ గుమ్మం దాకా వచ్చింది. అరిగిన వైపు పైకి తిరిగి ఉన్న చెక్క గుంటలో, ఐసు నీళ్లు నాని నాని నల్లబడిన మచ్చ మీద, ఆ ఎండ కాసేపు నిలిచింది.